ఆ 13 మైళ్ళకూ తారు వద్దు

అమెరికాలో కొలరాడో, యూటా రాష్ట్రాల సరిహద్దు మీద డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ ఉంది. మాన్యుమెంట్ అంటే ఇక్కడ కట్టడం కాదు, ప్రభుత్వం కాపాడే నేల. అందులో ఎకో పార్క్ అనే చోటుకి ఒక మట్టిరోడ్డు దిగుతుంది. పొడవు 13 మైళ్ళు. ఆ రోడ్డుని బాగుచేయకూడదని నా వాదన. గతుకులతో, దుమ్ముతో, వాన పడితే మూతపడేలా, ఇప్పుడున్నట్టే వదిలేయాలి.

ఈ వాదనకి మా ఇంట్లో ఒక్క ఓటు కూడా లేదు. మా బావమరిది అయితే పైనుంచి కిందికి దిగిన గంటన్నరలో రెండుమూడు సార్లు అడిగాడు. "బావా, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశం కదా, పదమూడు మైళ్ళు తారు పోయించలేదా?" అని. పోయించగలదు. డబ్బు సమస్య కాదు. పోయిస్తే ఏమవుతుందన్నదే సమస్య. వాడికి స్టీరింగ్ పట్టుకుని చెప్పలేకపోయినదంతా ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

పేరులో పార్క్ అని ఉంది కదా అని ఉయ్యాలలూ జారుడుబల్లలూ ఊహించుకోకండి. గ్రీన్ నది, యాంపా నది కలిసేచోట, నిటారుగా నిలబడ్డ ఇసుకరాతి గోడల మధ్య, గడ్డీ కాటన్‌వుడ్ చెట్లూ ఉన్న చిన్న మైదానం అది. చుట్టూ అన్ని వైపులా కాన్యన్లే, అంటే నదులు కోసిన లోతైన ఇరుకు లోయలే. నీళ్ళ మీద పడవలో రావాలి, లేదా కారులో దిగాలి. కారులో ఎటునుంచి వచ్చినా చివరి మైళ్ళు మాత్రం ఈ మట్టిరోడ్డే.

డెన్వర్ నుంచి హైవే 40 పట్టుకుని పడమటికి పోతే, స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్, క్రేగ్ దాటాక ఊళ్ళు పలచబడిపోతాయి. ఆఖరికి డైనోసార్ అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు దాని పేరు ఆర్టీసియా. 1960ల్లో పేరు మార్చుకుని, వీధులకి కూడా బ్రాంటోసారస్, స్టెగోసారస్ అని పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే కొలరాడో వైపు చూడటానికి ఎముకలే లేవు. డైనోసార్ ఎముకలతో నిండిన ఆ ప్రసిద్ధ రాతిగోడ యూటా వైపు, జెన్సెన్ అనే ఊరి దగ్గర ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే వెనక సీట్లో తిరుగుబాటు మొదలవుతుంది.

ఊరికి కాస్త ముందే, విజిటర్ సెంటర్ దగ్గర ఉత్తరానికి తిరిగితే హార్పర్స్ కార్నర్ రోడ్డు. ఇది మంచి తారురోడ్డు, ఏ కారైనా పోతుంది. పీఠభూమి మీద సేజ్‌బ్రష్ పొదల మధ్య ఎక్కుతూ పోయి, కాన్యన్ల అంచున ఆగిపోతుంది. దాని మధ్యలో కుడివైపు చీలేదే మన రోడ్డు. చీలిక దగ్గరే బోర్డు ఉంటుంది. ట్రెయిలర్లూ, ఆర్వీలనే ఇల్లులాంటి పెద్ద బండ్లూ రాకూడదని, తడిగా ఉంటే ఏ బండీ పోలేదని. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధీమా పడేవాళ్ళ కోసమే ఆ రెండో మాట.

అది ఉత్త బెదిరింపు కాదు. ఆ మట్టిలో బంకమన్ను ఎక్కువ. ఎండినప్పుడు గట్టిగా, మామూలుగానే ఉంటుంది. తడిస్తే టైరుకి రొట్టెలపిండిలా చుట్టుకుని, టైరు గాళ్ళన్నీ పూడిపోయి, చక్రం నున్నటి బంతిలా తయారవుతుంది. ఆ తర్వాత నాలుగు చక్రాలూ కలిసి తిరిగినా ఒకటే, ఏదీ తిరగకపోయినా ఒకటే. బండి వాలు ఎటుంటే అటు జారుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుములతో వానలు సామాన్యం. పైన ఆకాశం నీలంగా ఉండగా కిందికి దిగి, సాయంత్రం జల్లు పడితే, మట్టి ఆరేదాకా కింద ఉండాల్సిందే. ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకే వెళ్ళేవాళ్ళు ఒక పూట తిండీ నీళ్ళూ అదనంగా పెట్టుకోవాలని చెబుతారు.

దిగుడు మొదట్లోనే భయపెడుతుంది. శాండ్ కాన్యన్‌లోకి దించే హెయిర్‌పిన్ మలుపులు, ఒక బండి పట్టే వెడల్పు, బయటివైపు ఏ అడ్డూ లేదు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే వేడెక్కిపోతుంది, లో గేర్‌లో వేసి ఇంజన్‌కే పట్టుకోమని వదిలేయాలి. మా బావమరిది ఆ మలుపుల దగ్గర మాత్రం తారు సంగతి ఎత్తలేదు, నోట్లోంచి మాటే రాలేదు. తర్వాత దారి కాస్త సాఫీ అవుతుంది. గోడలు రెండు వైపులా మెల్లగా లేస్తాయి. మొత్తం మీద రెండు వేల అడుగులకు పైగా దిగుతాం. దారిలో చ్యూ కుటుంబం వాళ్ళ పాత పశువుల రాంచ్ ఉంది. చెక్క ఇళ్ళు, కంచెలు. మనిషి కాలు పెట్టని చోటుకి పోతున్నామన్న భ్రమ ఎవరికైనా ఉంటే అక్కడే పోతుంది.

ఇంకాస్త ముందుకి పోతే పూల్ క్రీక్ పక్కన గోడ మీద ఒకప్పుడు ఈ ప్రాంతంలో బతికిన ఫ్రీమాంట్ జనం చెక్కిన బొమ్మలు. దాదాపు వెయ్యేళ్ళ నాటివి. వీటిని గీతలు గీసి చెక్కలేదు, వరసగా చుక్కలు తొలిచి చెక్కారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కో చుక్కలో చిన్న నీడ నిలబడి బొమ్మ మొత్తం తేలుతుంది, నడినెత్తిన ఎండున్నప్పుడు ఉన్నట్టే తెలియదు. మన తల ఎత్తుకి ఎంతో పైన ఉంటాయి. అంత పైన నిలబడి ఎలా తొలిచారో చూస్తూ మేం చాలాసేపు అక్కడే ఉండిపోయాం. కొద్ది దూరంలో విస్పరింగ్ కేవ్. గుహ అంటారుగానీ గోడ అడుగున పొడవాటి చీలిక అది. ఎర్రటి ఎండలో దాని ముందు నిలబడితే లోపల్నుంచి చల్లగాలి మోకాళ్ళకి తగులుతుంది. ఈ రెండూ మంచి రోడ్డు మీద నలభై మైళ్ళ వేగంతో పోతే కళ్ళకి ఆనవు. పది మైళ్ళ వేగంతో పోతున్నాం కాబట్టి ఆగాం. నా వాదనలో ఇదొక భాగం, కానీ చిన్న భాగమే. మెల్లగా పోవాలనుకునేవాళ్ళు తారురోడ్డు మీద కూడా మెల్లగా పోవచ్చు, ఎవరూ కాదనరు.

తర్వాత గోడలు ఒక్కసారి పక్కకి జరిగి మైదానం వస్తుంది. ఎదురుగా స్టీమ్‌బోట్ రాక్, ఒకే ఇసుకరాతి కొండ, నది మీదికి ఓడ ముందుభాగంలా చొచ్చుకొచ్చి ఉంటుంది. గ్రీన్ నది దాన్ని చుట్టుకుని పోవాల్సిందే తప్ప వేరే దారి లేదు. 1869లో జాన్ వెస్లీ పవెల్ పడవల మీద ఈ నదిలో వచ్చినప్పుడు, అరుపులు గోడల మధ్య తిరిగి తిరిగి వినిపించడం చూసి ఎకో పార్క్ అని పేరు పెట్టాడు. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఇక్కడే కొండ ఎక్కుతూ ముందుకీ వెనక్కీ పోలేని చోట ఇరుక్కున్నాడట. పైనున్న తోటి యాత్రికుడు బ్రాడ్లీ దగ్గర తాడు లేదు. ఒంటి మీది పొడుగు లోపలి లాగు విప్పి కిందికి వేలాడేస్తే, పవెల్ దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని పైకొచ్చాడు. పవెల్ స్వయంగా రాసుకున్న కథ ఇది. అమెరికా భూగర్భ సర్వే సంస్థకి తర్వాతి రోజుల్లో డైరెక్టర్ అయిన మనిషి ఒకరి లాగు పట్టుకుని బతికాడన్నమాట.

సంగమం దగ్గర ఒడ్డున కూర్చుంటే రెండు రంగుల నీళ్ళు కనిపిస్తాయి. యాంపా మంచు కరిగిన నీళ్ళతో, ఒండ్రుతో, గోధుమరంగులో వస్తుంది. గ్రీన్ చల్లగా, తేటగా వస్తుంది. కొంత దూరం రెండూ పక్కపక్కనే, కలవకుండా పోతాయి, మధ్యలో గీత చిన్న సుడులుగా చిరుగుతూ ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆ తేటదనం సహజం కాదు. ఎగువన 1960ల్లో కట్టిన ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్ గ్రీన్ నది ఒండ్రుని పట్టి ఉంచి, చల్లటి నీళ్ళు వదులుతుంది. యాంపా మీద అలాంటి పెద్ద డ్యామ్ లేదు. కొలరాడో నదీ వ్యవస్థలో ఇంకా దాదాపు తన ఇష్టప్రకారం పారుతున్న చివరి పెద్ద ఉపనది అదే. కొలరాడో పైక్‌మిన్నో అనే పెద్ద చేప, ఇప్పుడు అంతరించే జాబితాలో ఉన్నది, యాంపా కాన్యన్‌లోకి వచ్చి గుడ్లు పెడుతుంది. ఒడ్డున దట్టంగా ఉన్న పొదల్లో టామరిస్క్ ఉంది, అది వేరే ఖండం నుంచి వచ్చిన కలుపు. పశువుల రాంచ్, కలుపు మొక్క, సగం పగ్గం వేసిన నది. చెక్కుచెదరని లోయ అని ట్రావెల్ రీల్స్‌లో చెప్పేది ఇక్కడ ఎక్కడా దొరకదు. ఇది ఎవరో పనిగట్టుకుని కాపాడితే మిగిలిన లోయ. ఆ కాపాడిన కథ తెలియకపోతే రోడ్డు గురించి వాదించడం దండగ.

నేను వేలు పెట్టి చూసిన ఆ నీళ్ళ కింద, దాదాపు 500 అడుగుల లోతున ఈ మైదానం మునిగిపోవాల్సింది. సంగమానికి కాస్త దిగువన డ్యామ్ కట్టాలని, డ్యాములు కట్టే ప్రభుత్వ శాఖ బ్యూరో ఆఫ్ రెక్లమేషన్ ప్లాన్ వేసింది. 1950లో ఆ శాఖని చూసే మంత్రి, ఇంటీరియర్ సెక్రటరీ ఆస్కార్ చాప్‌మన్ సరేనన్నాడు కూడా. 1938లోనే అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఈ కాన్యన్లని మాన్యుమెంట్‌లో కలిపేశాడు, అంటే ఇది చట్టం రక్షణలో ఉన్న నేల. అయినా డ్యామ్ ఆగేలా లేదు, ఎందుకంటే ఈ చోటు గురించి అడిగే నాథుడు లేడు. చూసినవాళ్ళే తక్కువ. చూడని లోయ కోసం ఎవరు ఉత్తరం రాస్తారు?

అప్పుడు మొదలైన ఉద్యమం చేసిన మొదటి పని జనాన్ని ఇక్కడికి తీసుకురావడం. 1953 వేసవిలో సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ మామూలు కుటుంబాలని, పిల్లలతో సహా, పడవలెక్కించి యాంపా మీద దింపింది. ఇది ప్రాణాంతకమైన నది, ఎలాగూ ఎవరూ పోలేరు అన్న ప్రచారానికి అదే జవాబు. సినిమా తీసి ఊరూరా చూపించారు. ఫొటోలతో పుస్తకం వేసి కాంగ్రెస్ సభ్యులందరికీ పంచారు. 1954లో క్లబ్ తరఫున డేవిడ్ బ్రోవర్ వాషింగ్టన్‌లో కమిటీ ముందు నిలబడి, జలాశయాల నుంచి ఎంత నీరు ఆవిరైపోతుందో బ్యూరో వేసిన లెక్క తప్పని, కేవలం కూడికలు తీసివేతలు గుణకారాలతో చూపించాడు. ఇంజనీరు కూడా కాదాయన. చివరికి 1956లో ఐజన్‌హోవర్ సంతకం చేసిన చట్టంలో ఎకో పార్క్ డ్యామ్ లేదు. నేషనల్ పార్కుల్లో, మాన్యుమెంట్లలో ఈ పథకం కింద డ్యాములు రాకూడదని కూడా అందులో రాశారు.

కథ ఇక్కడితో ఆగితే నాకు హాయిగా ఉండేది. కానీ బ్రోవర్ లెక్కలో రెండో సగం ఉంది. ఎకో పార్క్ వద్దు, దానికి బదులు దిగువన కొలరాడో నది మీద తలపెట్టిన గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఇంకాస్త ఎత్తు కడితే ఆవిరి తక్కువ అన్నదే ఆ లెక్క. ఇదే 1956 చట్టం గ్లెన్ కాన్యన్ డ్యామ్‌కి అనుమతి ఇచ్చింది. గ్లెన్ కాన్యన్ ఏ పార్కులోనూ లేదు, దాన్ని చూసినవాళ్ళు ఇంకా తక్కువ, బ్రోవర్ కూడా అప్పటికి చూడలేదు. డ్యామ్ లేస్తుండగా వెళ్ళి చూసి, ఒప్పుకున్నందుకు బతికినన్నాళ్ళూ బాధపడ్డాడు. 1963లో గేట్లు మూసేశారు. పక్క కాన్యన్లు, పాత ప్యూబ్లో జనం ఇళ్ళు, కెథీడ్రల్ ఇన్ ది డెజర్ట్ అనే రాతి మండపం, అన్నీ లేక్ పవెల్ అనే ఆ డ్యామ్ జలాశయం కిందికి పోయాయి. 2023 మొదట్లో కరువుకి ఆ జలాశయం పావు వంతు కంటే తక్కువకి పడిపోతే కొన్ని మళ్ళీ బయటపడ్డాయి. గోడల మీద నీళ్ళు నిలిచిన తెల్లటి చారతో.

మా బావమరిదికి ఈ కథ చెబితే వెంటనే పట్టుకున్నాడు. "మరి నువ్వే చెబుతున్నావు కదా బావా, జనం చూస్తేనే కాపాడతారని. రోడ్డేస్తే ఎక్కువ మంది చూస్తారు. ఎక్కువ మంది కాపాడతారు." వినడానికి సూటిగా ఉంది. చాలామంది పర్యావరణవాదులకే దీనికి జవాబు ఉండదు.

దీనికి జవాబు యూటా దక్షిణాన ఉంది. జయాన్ కాన్యన్ 1919లో నేషనల్ పార్క్ అయింది. కాన్యన్ అడుగున, వర్జిన్ నది పక్కన ఆరు మైళ్ళ చక్కటి తారురోడ్డు. తల్లిదండ్రుల్ని, పసిపిల్లల్ని ఎక్కించుకుని ఎవరైనా గోడల మధ్యకి పోవచ్చు. పోయారు. 1990ల నాటికి ఏడాదికి 24 లక్షల మంది, వేసవి రోజు వేలకొద్దీ కార్లు, పార్కింగ్ జాగాలు మాత్రం వందల్లో. రోడ్డు పక్క గడ్డి మీద, మొక్కల మీద కార్లు పెట్టేసేవారు. జాగా కోసం కాన్యన్‌లో చక్కర్లు కొట్టడమే యాత్ర అయిపోయింది. 2000 నుంచి సీజన్‌లో సొంత కార్లు ఆపేసి షటిల్ బస్సులు పెట్టారు. రోడ్డు ప్రశాంతమైంది. జనం మాత్రం పెరుగుతూ 40 లక్షలు దాటారు. బస్సు కోసం క్యూ, ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ ఎక్కడానికి 2022 నుంచి లాటరీ. నేను జయాన్‌ని తిట్టడం లేదు. షటిల్ మంచి పని, కారు లేనివాడు కూడా అక్కడ కాన్యన్ అడుగుదాకా పోగలడు. కానీ అది 40 లక్షల మందిని తట్టుకోవడానికి కట్టిన ఏర్పాటు. బస్సులు, డ్రైవర్లు, లాటరీలు, పక్క ఊళ్ళో హోటళ్ళు. డైనోసార్ మొత్తానికి, ఎముకల గోడతో కలిపి, ఏడాదికి వచ్చేది మూడు లక్షల అటూ ఇటూ. ఎకో పార్క్ అడుగుదాకా దిగేది అందులో కొద్దిమంది. ఆ చిన్న మైదానంలో పదో వంతు జయాన్‌ని దింపినా ఇక చేసేది పార్కింగే.

చూడటం కాపాడుతుంది, నిజమే. కానీ 1953లో కాపాడినది లక్షలమంది కాదు. పడవల్లో దిగిన కొన్ని వందల మంది, వాళ్ళు తీసుకొచ్చిన ఫొటోలు, వాటిని చూసి ఎన్నడూ ఇటు రాకుండానే కాంగ్రెస్‌కి ఉత్తరాలు రాసిన వేలమంది. ఎకో పార్క్‌కి కావలసింది దారి ఉండటం. దారి సుఖంగా ఉండటం కాదు. గ్లెన్‌కి దారి లేక పోయింది, జయాన్ దారి మరీ బాగుండి ఇరుకున పడింది. ఈ రెంటికీ మధ్య 13 మైళ్ళ గతుకులున్నాయి.

ఇంతదాకా గట్టిగా మాట్లాడాను గానీ, నా వాదనలో నాకే గుచ్చుకునే ముల్లు ఒకటుంది. చెడ్డ రోడ్డు అందరినీ సమానంగా ఆపదు. ఎత్తైన బండి ఉన్నవాణ్ణి పోనిస్తుంది, పాత సెడాన్ ఉన్నవాణ్ణి ఆపుతుంది. అద్దెకార్ల కాగితాల్లో మట్టిరోడ్ల మీద నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని సన్నక్షరాల్లో ఉంటుంది, అంటే విమానం దిగి కారు అద్దెకి తీసుకునే వాళ్ళందరూ అవుట్. సోమవారం ఆఫీసుకి పోవాల్సినవాడు వానలో ఇరుక్కుపోతే ఎలా అని టెన్షన్ పడి అసలు రాడు, సెలవులున్నవాడు వస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, నడుం ఆపరేషన్ అయినవాళ్ళు ఈ కుదుపులు పడలేరు. ప్రకృతిని కాపాడటం పేరుతో డబ్బూ ఓపికా ఉన్నవాళ్ళకి లోయని రిజర్వ్ చేయడమే కదా అని ఎవరైనా అడిగితే, కాదని నేను కొట్టిపారేయలేను.

అమ్మానాన్నలు విజిట్‌కి వచ్చినప్పుడు వాళ్ళని ఇక్కడికే తీసుకొచ్చాను, కానీ హార్పర్స్ కార్నర్ తారురోడ్డు మీదే ఆగాం. నాన్నకి మోకాళ్ళు. కారు ఆపుకునే చోట్ల నుంచే కాన్యన్లు కనిపిస్తాయి. అమ్మ, నేను రోడ్డు చివర కాలిబాట మీద కొండ ముక్కు చివరిదాకా నడిచాం. అక్కడ నిలబడితే 2,500 అడుగుల కింద ఎకో పార్క్ మొత్తం, నదుల కలయిక, స్టీమ్‌బోట్ రాక్ వీపు కనిపిస్తాయి. ఫొటోలు తెచ్చి చూపిస్తే నాన్న, "అంత కిందికి రోడ్డుందా? ఎవరు పోతార్రా?" అన్నారు. ఆయనకి దిగలేకపోయానన్న బెంగ ఏమీ కనపడలేదు, నాకే కనపడింది. అయినా ఒకటి చెప్పుకోవాలి. పై అంచు దాకా అందరికీ తారు, అడుగుకి మట్టి, ఈ పంపకం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ప్రతి లోయ అడుగుకీ ప్రతి మనిషీ కారులో చేరగలగాలన్నది ఎవరి హక్కుల చిట్టాలోనూ ఉండాల్సిన అవసరం లేదు. పైనుంచి చూసే ఏర్పాటు కూడా లేకుండా మట్టిరోడ్డు ఒక్కటే ఉండి ఉంటే మాత్రం నేను ఇంత ధైర్యంగా రాయలేకపోయేవాణ్ణి.

ఇంకో చిక్కు. మట్టిరోడ్డు అనగానే పవిత్రం అనుకునేవాళ్ళు నైన్ మైల్ కాన్యన్ సంగతి తెలుసుకోవాలి. డైనోసార్‌కి నైరుతిలో, ప్రైస్ ఊరి దగ్గర ఉంటుంది. పేరుకి తొమ్మిది మైళ్ళు, పొడవు నలభై పైనే. గోడల నిండా వేలకొద్దీ ఫ్రీమాంట్ బొమ్మలు, వేటగాళ్ళు, కొండగొర్రెల మందలు. పైనున్న పీఠభూమి మీద గ్యాస్ బావులు తవ్వడం మొదలయ్యాక ఆ మట్టిరోడ్డు మీద బరువు లారీలు తిరిగాయి. లేచిన దుమ్ము బొమ్మల మీద పేరుకుంది. దుమ్ము అణచడానికి మెగ్నీషియం క్లోరైడ్ చల్లితే, ఆ ఉప్పు కూడా దుమ్ముతోపాటు గోడలకి పట్టి రాతిని తింటుందని పరిరక్షకులు మొత్తుకున్నారు. చివరికి తారు వేశారు. మంచి పని చేశారు. లారీలు ఆగవని తేలిపోయాక మట్టిరోడ్డుని పట్టుకుని వేలాడితే నష్టం బొమ్మలకే. కాబట్టి నా అభ్యంతరం తారు మీద కాదు. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు, ఏ బండ్లు, ఆ పక్కనున్నది ఎంత తట్టుకుంటుంది, ఇవి చూసి తేల్చుకోవాలి. ఎకో పార్క్ రోడ్డు మీద లారీలు లేవు, పూల్ క్రీక్ గోడ పక్కనుంచి పోయేది రోజుకి కొద్ది బండ్లే. రేపు ఆ లెక్క మారితే నా మాటా మారుతుంది.

నిజానికి అది మారే సూచనలున్నాయి. ఒకప్పుడు ఇలాంటి రోడ్డుకి జీపు కావాలి, జీపు నడపడం వచ్చినవాడు కావాలి. ఇప్పుడు ఊళ్ళో కూరగాయలకి పోయే బండికి కూడా ఎత్తు, ఆల్ వీల్ డ్రైవ్, దిగుడులో దానంతటదే బ్రేకు పట్టుకునే బటన్ ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా మ్యాప్ ముందే దింపుకోవచ్చు. గతుకుల కాపలా ఏటికేడాది బలహీనపడుతోంది. నేలకన్నా బండి తొందరగా మెరుగవుతుంది, ఆ పందెంలో నేల గెలవదు. నది మీద పడవల వాళ్ళకి ఇప్పటికే పర్మిట్ల లాటరీ ఉంది, ఎవరు పడితే వాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు యాంపా మీద దిగలేరు. ఏదో ఒక రోజు రోడ్డుకి కూడా అది తప్పదు. బండ్ల సంఖ్యకి పరిమితి పెట్టడం, చెడ్డ రోడ్డుని నమ్ముకోవడం కన్నా నిజాయితీ గల పద్ధతి, ఎందుకంటే లాటరీకి నీ బండి ఖరీదు తెలియదు. అది వచ్చేదాకా ఈ గతుకులే ఆ పని చేస్తున్నాయి, జీతం అడగకుండా.

మరి నాన్న లాంటివాళ్ళ మాటేమిటని మళ్ళీ అడిగితే, నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. ఎండ ఉన్న రోజుల్లో, ఎత్తైన చిన్న వ్యాన్ ఒకటి, రోజుకి ఒకటి రెండు ట్రిప్పులు, దిగుడులో చెయ్యి తిరిగిన డ్రైవరు. మెత్తటి సీట్లు వేసి, ముందుగా వయసు పైబడినవాళ్ళకీ, సొంతంగా దిగలేనివాళ్ళకీ ఇవ్వాలి. రోడ్డుని ఒక్క అంగుళం కూడా వెడల్పు చేయనక్కర్లేదు.

ఇది చెబితే బావమరిది నవ్వాడు. "ఆ మలుపుల్లో వ్యాన్‌కి ఎదురుగా బండి వస్తే ఎవరు వెనక్కి పోతారు బావా? రెండు నెలలు ఆగు, మలుపులు వెడల్పు చేయమని వ్యాన్ డ్రైవరే అర్జీ పెడతాడు." పొద్దున దిగేవేళ, సాయంత్రం ఎక్కేవేళ అని గంటలు కట్టేస్తే సరిపోతుంది కదా అన్నాను. రేంజర్లకి అంత మంది మనుషులున్నారా అని అడిగాడు. దాని మీద ఇంకా తేలలేదు.